ఒమియా బోన్సాయ్ తోటలకు వెళ్లేముందు

కడియపులంక నర్సరీల మధ్య పెరిగినవాళ్లం కదా, జపాన్‌లోనూ అలాగే చొరవగా తోటలోకి దూరిపోతాం. అక్కడే తేడా కొడుతుంది.

ముందుగా ఏ వారం వెళ్తున్నారో చూసుకోండి. టోక్యో దగ్గరి ఒమియా బోన్సాయ్ గ్రామంలో (1923 భూకంపం తర్వాత తోటమాలులు వలస వచ్చి 1925లో వేసుకున్న ఊరు) నర్సరీలకూ మ్యూజియానికీ సాధారణంగా గురువారం సెలవు. తోరో స్టేషన్లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. జులై, ఆగస్టుల్లో అయితే మన కోనసీమ ఉక్కే, నీళ్ల సీసా మరవద్దు.

ఫోన్ జేబులోనే ఉంచండి. చాలా తోటల్లో ఫొటోలు తియ్యనివ్వరు. మనం మొక్క కొనేముందు కుండీ ఎత్తి, అడుగున కన్నంలోంచి వేరు బయటికొచ్చిందా అని చూస్తాం చూడండి, ఆ అలవాటు ఇంట్లో వదిలెయ్యండి. వీపు మీద సంచి ఉంటే ముందుకు తిప్పుకోండి. వందేళ్ల జునిపర్ కొమ్మ ఒక్కటి విరిగితే ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

కొనాలని మనసు లాగుతుంది. మొక్క మాత్రం వద్దు. దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు చీడపీడలు లేవని ఇచ్చే పత్రం) లేకుండా ఇండియాలోకి రానివ్వరు, మట్టితో అసలే కుదరదు. కత్తెర కొనుక్కోండి, అదీ చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి.