గ్యాస్ అయిపోయిందని నమ్మే ముందు: ఏసీ మొరాయిస్తే ఏం చూసుకోవాలి

మార్చి నెల సగం గడిచేసరికి శ్రీకాకుళంలో నా ఫోన్ ఆగదు. ఆమదాలవలస నుంచైనా, గార వైపు నుంచైనా ఎక్కువగా వినిపించేది ఒకటే మాట: "గ్యాస్ అయిపోయినట్టుంది బాబూ, ఓసారొచ్చి నింపేయండి." పద్దెనిమిదేళ్లుగా ఏసీలు విప్పుతున్నాను. ఈ ఒక్క నమ్మకం వల్ల జనం పోగొట్టుకున్న డబ్బు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఏసీలో గ్యాస్ వంటగ్యాస్ లాంటిది కాదు, వాడితే తరగదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో లోపలి యూనిట్ నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి తిరుగుతూనే ఉంటుంది. గదిలో వేడిని పట్టుకుని బయట వదిలిపెట్టడమే దాని పని. అది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు పట్టుకోకుండా నింపితే చిల్లికుండలో నీళ్లు పోసినట్టు. పైగా చల్లదనం తగ్గిన ప్రతిసారీ కారణం గ్యాసే కానక్కర్లేదు.

గాలి వస్తోంది, చల్లదనం లేదు

ముందు రిమోట్ చూడండి. మంచు పువ్వు గుర్తు ఉంటేనే కూల్ మోడ్‌లో ఉన్నట్టు. పిల్లల చేతిలో పడి ఫ్యాన్ మోడ్‌లోకో డ్రై మోడ్‌లోకో మారిపోయిన ఏసీల కోసం ఇరవై కిలోమీటర్లు వెళ్లి వచ్చిన రోజులున్నాయి.

తర్వాత ఫిల్టర్. ముందు మూత ఎత్తితే రెండు జాలీలు చేతికొస్తాయి. వాటిని వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. అవతలి వెలుగు కనబడకపోతే గాలి కూడా వెళ్లదు. కుళాయి కింద, దుమ్ము పట్టిన వైపు కాకుండా వెనక వైపు నుంచి నీళ్లు పడేలా కడిగి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకరపోతుంది. వేసవిలో పదిహేను రోజులకోసారి చాలు. గరివిడి, చీపురుపల్లి వైపు లారీల దుమ్ము పడే రోడ్డు పక్క ఇళ్లలో మాత్రం వారానికోసారి కడగాలి.

ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా చల్లబడకపోతే బయటి యూనిట్ దగ్గరకు వెళ్లి నిలబడి వినండి. అక్కడ దొరికే కబురు లోపల దొరకదు.

బయట ఏ చప్పుడూ లేకపోతే, కరెంటు పోయి వచ్చి ఎంతసేపయిందో చూసుకోండి. గ్యాస్‌ను ఒత్తి గొట్టాల్లో తిప్పే కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ తిరగకుండా దాదాపు మూడు నిమిషాలు ఆపే ఏర్పాటు మెషిన్‌లోనే ఉంటుంది. గొట్టాల్లో ఒత్తిడి రెండు వైపులా సమం కావడానికి ఆ సమయం కావాలి. చల్లబడలేదని రిమోట్ పదేపదే నొక్కి లాభం లేదు.

ఫ్యాన్ తిరుగుతూ, కంప్రెసర్ మాత్రం గుర్రుమని, రెండు క్షణాల్లో టిక్కుమని ఆగిపోతోందా? ఇన్వర్టర్ కాని, అంటే కంప్రెసర్ ఒకే వేగంతో తిరిగే ఏసీలో ఇది కెపాసిటర్ (కంప్రెసర్ మొదలవడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా) బలహీనపడిన లక్షణం, లేదా వోల్టేజి తక్కువ. కెపాసిటర్ మీద 45, 50 అని ఎంఎఫ్‌డి (మైక్రోఫారడ్) విలువ రాసి ఉంటుంది. మీటరు పెడితే 35 చూపిస్తే అది పోయినట్టే, పైన ఉబ్బి ఉంటే మీటరు కూడా అక్కర్లేదు. ఇది కొద్ది ఖర్చుతో అయ్యే పని. దీనికే కంప్రెసర్ పోయిందని చెప్పి మార్పించిన ఇళ్లు చూశాను. ఒక్క హెచ్చరిక: ప్లగ్ పీకేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. ఆ మూత మీరు విప్పవద్దు.

ఇక కంప్రెసర్ మోత వినిపిస్తూ ఫ్యాన్ తిరగకపోతే వెంటనే ఆపేయండి. వేడి బయటికి పోయే దారి లేక కంప్రెసర్ కాలిపోతుంది.

రెండూ బాగానే తిరుగుతుంటే ఒక మామూలు థర్మామీటరు తీసుకోండి. ఏసీ పైభాగంలో, గాలి లోపలికి వెళ్లే చోట ఒకసారి, చల్లగాలి వచ్చే చోట ఒకసారి పెట్టి చూడండి. పావుగంట నడిచాక రెంటికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే మెషిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఉక్కపోత రోజుల్లో, ముఖ్యంగా సముద్రం దగ్గర, ఈ తేడా తక్కువ వైపే ఉంటుంది. గాలిలోని తేమను నీళ్లుగా మార్చడానికే మెషిన్ బలం చాలా ఖర్చవుతుంది కాబట్టి 8 వచ్చిందని కంగారు పడనక్కర్లేదు. తేడా సరిగ్గానే ఉండి గది చల్లబడకపోతే తప్పు గదిది. రోజంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పది దాకా వేడి దింపుతూనే ఉంటుంది. డాబా మీద తెల్ల సున్నం కొట్టించడం, కిటికీకి మందపాటి కర్టెన్ వేయడం అక్కడ పనికొస్తాయి.

తేడా 4, 5 డిగ్రీలకు పడిపోయి, బయటి కాయిల్ (వేడి వదిలే గొట్టాలు, రెక్కల జాలీ) కూడా శుభ్రంగా ఉంటే అప్పుడు గ్యాస్‌ను అనుమానించండి. దానికీ గుర్తులున్నాయి. బయటి యూనిట్ దగ్గర సన్న గొట్టం మీద తెల్లగా మంచు పడుతుంది. నట్టు బిగించిన చోట నూనె తడి, దాని మీద దుమ్ము అంటుకుని నల్ల మరక కనిపిస్తుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కనుక గ్యాస్ కారే చోట నూనె తడి తేలుతుంది.

కళింగపట్నం వైపు ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో మూడు వేసవులు వరసగా గ్యాస్ నింపించారు. నేను వెళ్లేసరికి ఆయన అడిగిన మొదటి మాట: "ఏటి బాబూ, మళ్లీ గ్యాసేనా?" గోడ దగ్గర గొట్టాలకు చుట్టిన టేపు విప్పితే ఫ్లేర్ నట్టు (విప్పార్చిన గొట్టం అంచును పట్టి బిగించే నట్టు) కింద నూనె మరక. మొదట బిగించినవాళ్లు రాగి గొట్టం అంచు సరిగ్గా విప్పార్చలేదు, సన్నటి పగులు ఉండిపోయింది. మూడుసార్లు వచ్చినవాళ్లలో ఒక్కరూ ఆ టేపు విప్పలేదు. గొట్టం చివర కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి, నైట్రోజన్ ఎక్కించి రాత్రంతా ఉంచాం. తెల్లారేసరికి గేజి ముల్లు కదల్లేదు, అంటే లీకు లేదు. ఆ తర్వాతే గ్యాస్ వేశాను. నాలుగు వేసవులు దాటాయి, మళ్లీ అవసరం పడలేదు.

కాబట్టి గ్యాస్ వేయడానికి ఎవరొచ్చినా వరస ఇదేనని గుర్తుపెట్టుకుని దగ్గరుండి చూడండి: ముందు లీకు వెతకడం, మూయడం, నైట్రోజన్‌తో పరీక్ష, వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేయడం, ఆఖరున తూకం వేసి గ్యాస్ ఎక్కించడం. ఎన్ని గ్రాములో బయటి యూనిట్ నేమ్‌ప్లేట్ మీదే ఉంటుంది. ఏ గ్యాసో కూడా అక్కడే ఉంటుంది. పాత మెషిన్లలో ఆర్ 22, కొత్తవాటిలో ఎక్కువగా ఆర్ 32. ఒకదానికి బదులు ఇంకొకటి వేయకూడదు. ఆర్ 32కి మంటంటుకునే గుణం కొంత ఉంది, గొట్టంలో గ్యాస్ ఉండగా వెల్డింగ్ మంట పెట్టనివ్వకండి. ఇన్వర్టర్ ఏసీకి గేజి చూసి "ఒత్తిడి తక్కువుంది" అంటే ఆ ఒక్క మాట నమ్మవద్దు. కంప్రెసర్ వేగం మారేకొద్దీ అందులో ఒత్తిడీ మారుతుంది. అందుకే తూకం అడగమనేది.

లోపలి నుంచి నీళ్లు కారుతున్నాయి

ఒకటిన్నర టన్ను ఏసీ మన ఉక్కలో గంటకు లీటరుకు పైగా నీళ్లు తీస్తుంది. అవన్నీ వేలి లావు గొట్టంలోంచే బయటికి పోవాలి. దుమ్ము, తేమ కలిసి ఆ గొట్టంలో జిగురులా పాచి పడితే నీళ్లు వెనక్కి తన్ని మంచం మీద పడతాయి. బయటి కొసన నోటితో ఊదకండి. లోపలి ట్రేలో ఒక సీసా నీళ్లు మెల్లగా పోసి బయటికి ఎంత వేగంగా వస్తున్నాయో చూడండి. రాకపోతే బయటి కొస నుంచి వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగితే పాచి ముద్దగా వస్తుంది.

శుభ్రంగా ఉన్నా కారుతుంటే గొట్టం దారి చూడండి. మధ్యలో పైకి లేచి దిగిందా? మొక్కలకు పనికొస్తాయని కొసను బకెట్ నీళ్లలో ముంచారా? కొస మునిగితే గాలి అడ్డుపడి నీళ్లు దిగవు. బకెట్ పెట్టండి, కొస మాత్రం నీటికి పైనే ఉండాలి.

లోపలి కాయిల్ అంతా మంచు గడ్డ కట్టి, ఆపాక కరిగి కారే నీళ్లు వేరు. అప్పుడు కూల్ మోడ్ ఆపి, ఫ్యాన్ మోడ్‌లో గంటో రెండు గంటలో నడిపి కరగనివ్వండి. చాకుతో గీకితే కాయిల్‌కు చిల్లి పడుతుంది. కాయిల్ అంతటా సమంగా మంచు పడితే గాలి చాలక, అంటే ఫిల్టరో, లోపల గాలి విసిరే బ్లోయరో మట్టి పట్టి. ఒక మూలన మాత్రమే పడితే గ్యాస్ తక్కువ.

మూడేళ్లకే బయటి యూనిట్ పొడిపొడిగా రాలుతోంది

బారువ, భావనపాడు, కళింగపట్నం, పూసపాటిరేగ తీరం ఇళ్లలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. కాయిల్‌లో గొట్టాలు రాగివి, వాటిని పట్టుకున్న రెక్కలు అల్యూమినియంవి. రెండు వేరు లోహాల మధ్య ఉప్పు తడి చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. చేత్తో ముట్టుకుంటే తెల్లటి పొడి రాలుతుంది. రెక్కలు పోయాక వేడి పోయే దారి ఉండదు, బిల్లు పెరుగుతుంది, కంప్రెసర్ ఆయుష్షు తరుగుతుంది.

దీనికి మందు మంచినీళ్లు. నెలకోసారి ప్లగ్ పీకేసి, మామూలు పైపుతో, ఒత్తిడి లేకుండా, కాయిల్ మీద నీళ్లు పోసి ఉప్పు కడిగేయండి. వైర్ల పెట్టె వైపు నీళ్లు కొట్టకండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి వద్దు, కుళాయి నీళ్లే వాడండి. బండ్లు కడిగే ప్రెషర్ పంపు పెడితే రెక్కలు వంగి కాయిల్ మూసుకుపోతుంది. కొత్తది కొనేటప్పుడు గొట్టాలన్నీ రాగితో చేసి, రెక్కలకు రక్షణ పూత ఉన్నదే అడగండి. బిగించేటప్పుడు సముద్రం వైపు గోడ మానేసి అవతలి గోడకు పెట్టించండి.

పలాస, కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీల దగ్గర ఉండేవారిది వేరే కథ. అక్కడి పొగ మసి జిడ్డుగా పట్టుకుంటుంది, ఒట్టి నీళ్లకు పోదు. కాయిల్ క్లీనర్ ద్రావణం చల్లించి కడిగించాలి.

సాయంత్రం అయితే ఆగి ఆగి నడుస్తోంది, ఎంసీబీ పడిపోతోంది

ఇంటికి రావలసినది 230 వోల్టులు. ఊరి చివర ఇళ్లలో సాయంత్రం అందరూ ఏసీలు వేసేసరికి అది బాగా పడిపోతుంది. స్టెబిలైజర్ మీద అంకె చూసి నాలుగైదు రోజులు రాసి పెట్టుకోండి. రోజూ అదే వేళకు పడుతుంటే తప్పు లైనుది, ఏసీని బాగుచేసి లాభం లేదు. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఆ అంకెలతో సహా చెప్పండి.

ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువ పారితే తనంతట తానే పడిపోయే స్విచ్, ఒకసారి పడితే ఒకసారి ఎత్తి చూడవచ్చు. రెండోసారి పడితే ఎత్తకండి. వైరు ఎక్కడో నేలకు కలిసిందేమో, కంప్రెసర్ బిగుసుకుందేమో తెలియదు. ప్లగ్ ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా కరెంటు పనివారిని పిలిచి సాకెట్, వైరు మార్పించండి. ఏసీకి విడిగా వైరు ఉండాలి, దాని మీద గీజరు, మోటారు కలపకూడదు. బయటి యూనిట్ బోర్డులోకి బల్లి దూరి షార్టు కావడం మన దగ్గర మామూలే. వైర్లు లోపలికి వెళ్లే కన్నం మూయించండి.

వాసన, చప్పుడు

తడిగుడ్డ వాసన వస్తే కాయిల్ మీద బూజు. రాత్రి ఆపే ముందు పావుగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరుతుంది, బూజు పట్టదు. ఇప్పటికే పట్టి ఉంటే సర్వీసులో బ్లోయర్ విప్పి కడిగించాలి. గడగడ చప్పుడు చాలాసార్లు స్టాండు బోల్టు వదులై వస్తుంది.

తుపాను ముందు, తర్వాత

2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తర్వాత నేను చూసిన బోర్డులు గాలికి పోయినవి తక్కువ, తొందరపడి స్విచ్ వేయడం వల్ల కాలినవి ఎక్కువ. హెచ్చరిక రాగానే ఎంసీబీ దించి ప్లగ్ పీకేయండి. స్టాండు బోల్టులు బిగించండి. బయటి యూనిట్‌ను పాలిథిన్‌తో గట్టిగా చుట్టవద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది.

కరెంటు వచ్చిన మొదటి గంటల్లో వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ముందు బల్బు, ఫ్యాన్ వేసి నిలకడగా ఉందో చూడండి. బయటి యూనిట్ వరద నీటిలో మునిగి ఉంటే స్విచ్ వేయనే వద్దు. మెకానిక్ మూత విప్పి, బోర్డు ఆరబెట్టి, వైర్లకు నేలతో సంబంధం లేదని మెగ్గర్ అనే మీటరుతో చూశాకే ప్లగ్ పెట్టండి.