మెదడువాపు తర్వాత కొత్త సంగతులు గుర్తుండకపోతే ఇంట్లో ఏం చేయాలి

"నేనెవరో చెప్పు చూద్దాం?" పరామర్శకు వచ్చిన ప్రతి చుట్టమూ మొదట అడిగేది ఇదే. మెదడువాపు నుంచి బయటపడ్డ మనిషిని అలా పలకరించకూడదు. గుమ్మంలోనే "మావయ్యా, నేను సుజాతని, మీ చెల్లెలి కూతుర్ని, సంక్రాంతికి వచ్చి వెళ్లాను" అని చెప్పేయాలి.

హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపు ఎక్కువగా మెదడులో కణతల వైపు లోపలి భాగాన్ని దెబ్బతీస్తుంది. కొత్త సంగతులను పదిలపరిచే హిప్పోక్యాంపస్ ఉండేది అక్కడే. 14 నుంచి 21 రోజులు ఆ వైరస్‌ను అణిచే మందు ఎసైక్లోవిర్ ఎక్కించి ప్రాణం నిలబెట్టినా, జరిగిన నష్టం కొంత మిగిలిపోతుంది. అందుకే ముప్పై ఏళ్లనాటి పెళ్లి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెప్పే ఆయనకు పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు. అయితే పదే పదే చేసి అలవాటు చేసుకునే శక్తి వేరే చోట ఉంటుంది, చాలామందిలో అది మిగులుతుంది. ఇంట్లోవాళ్లు పట్టుకోవాల్సింది దాన్నే.

ఆ శక్తికి తప్పొప్పుల తేడా తెలియదు. ఊహించి ఏదో చెబితే, అది తప్పన్న సంగతి మర్చిపోతారు, తప్పు జవాబు మాత్రం నోటికి అలవాటవుతుంది. జ్ఞాపకశక్తి మీద పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు అలాన్ బాడ్లీ, బార్బరా విల్సన్ 1994లో చూపించింది ఇదే. "కాస్త ఆలోచించు, అదే వస్తుంది" అనకండి. జవాబు ముందే ఇవ్వండి.

ఉదాహరణకు ఫోన్ తాళం అంకె 4719 నేర్పాలి. నాలుగంకెలూ కాగితం మీద పెద్దగా రాసి, చూస్తూ నొక్కమనండి. అయిదారు సార్లు తప్పు లేకుండా నొక్కాక చివరి 9ని వేలితో మూయండి. అది కుదిరాక 19ని మూయండి. తడబడితే ఆగి ఎదురుచూడకుండా వెంటనే వేలు తీసేయండి. రోజుకు పది నిమిషాలు చాలు. ఒక వారంలో ఒక్క విషయమే.

ఇంతకంటే ముఖ్యం పుస్తకం. చొక్కా జేబులో పట్టేది ఒకటే ఉండాలి, దానికి పెన్ను దారంతో కట్టాలి, ఇంట్లో ఉన్నప్పుడు ఒకే మేకుకు వేలాడాలి. మొదటి పేజీలో ఆయన చేతిరాతతోనే: "నాకు మెదడువాపు వచ్చి తగ్గింది. అందుకే కొత్త సంగతులు గుర్తుండవు. ఏదైనా తెలియకపోతే ఈ పుస్తకం చూస్తాను." మిగతా పేజీల్లో ఎడమవైపు ఇవాళ చేయాల్సినవి, కుడివైపు జరిగినవి, టైముతో సహా. "8:10 మాత్ర వేసుకున్నాను. 11:00 తమ్ముడు ఫోన్ చేశాడు." పని అయిన రెండు నిమిషాల్లోపే రాయాలి, అయిదు నిమిషాలు ఆగితే ఆ పని జారిపోవచ్చు.

పుస్తకం చూడాలన్న సంగతే గుర్తుండకపోతే? "ఇవాళ ఏం చేయాలో ఎలా తెలుస్తుంది?" అని అడిగి, "పుస్తకం చూస్తాను" అన్న జవాబు మీరే చెప్పి, ఆయనతో అనిపించి, పుస్తకం తెరిపించండి. అర నిమిషం తర్వాత మళ్లీ అడగండి. తర్వాత ఒక నిమిషం, రెండు, నాలుగు, ఎనిమిది. తప్పితే వెంటనే సరైన జవాబు అందించి, కుదిరిన పాత వ్యవధికి వెనక్కి రండి.

చాలా ఇళ్లలో ఇది చెడేది ఒకే కారణంతో: ఆయన నెమ్మదిగా రాస్తున్నాడని కోడలో కొడుకో లాక్కుని రాసేస్తారు. ఇంకో పొరపాటు, ఫ్రిజ్ నిండా చీటీలు అంటించడం. వారం దాటితే ఆ చీటీలు గోడ రంగులో కలిసిపోతాయి, కంటికి ఆనవు.

తినకుండానే తిన్నానంటే అబద్ధమాడుతున్నాడని కోప్పడకండి. జ్ఞాపకంలో ఖాళీని మెదడు తనంతట తానే నింపుకుంటుంది, ఆయనకు అది నిజమే. వాదించకుండా "పుస్తకం చూద్దాం" అంటే సరిపోతుంది.

మాత్రల విషయంలో మాటను నమ్మకూడదు. వారానికి 21 గళ్ల డబ్బా కొని, ఆదివారం ఒకే మనిషి నింపాలి. గడి ఖాళీ అయిందో లేదో చూస్తే రెండోసారి మింగడం తప్పుతుంది. ఫిట్స్ మాత్రలు హఠాత్తుగా మానితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు. వాటిలో ఒకటైన లెవెటిరాసెటమ్ కొందరిలో చిరాకు, కోపం పెంచుతుంది. అలా ఉంటే డాక్టరుకు చెప్పండి, మీరుగా ఆపొద్దు. డాక్టరు సరేననేదాకా బండి నడపడం, ఒంటరిగా చెరువులో దిగడం వద్దు. స్టవ్ దగ్గర పక్కన మనిషి ఉండాలి. ఫోన్‌తో చెల్లింపులకు తక్కువ డబ్బుండే వేరే ఖాతా పెట్టండి, ఒకే బిల్లు రెండుసార్లు కట్టేయడం మామూలే.

అలసట బద్ధకం కాదు. ఇరవై నిమిషాల పనికి పది నిమిషాల విశ్రాంతి ఇవ్వండి. టీవీ కట్టేసి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగులోనే చేయించండి, రాని భాషలో చేస్తే మార్కులు తగ్గేది భాష వల్లే కావచ్చు.

హెర్పిస్ మెదడువాపు తగ్గిన కొన్ని వారాలకు ప్రవర్తన ఒక్కసారిగా మారినా, నోరో చేతులో వాటంతటవే వింతగా కదులుతున్నా అదే రోజు న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. శరీర రక్షణ వ్యవస్థే మెదడు మీద తిరగబడడం వల్ల అలా కావచ్చు, దానికి వైద్యం ఉంది.

కొన్ని నెలలకు ఆయనంతట ఆయనే పుస్తకం తీయడం మొదలవుతుంది. అప్పుడే "బాగైపోయిందిగా" అని దాన్ని అటకెక్కిస్తారు, పదిరోజుల్లో మాత్రలు తప్పుతాయి. పుస్తకం నిండితే అదే సైజులో కొత్తది కొని, మొదటి పేజీని ఆయన చేతే ఎక్కించి, అదే మేకుకు తగిలించండి.