పూడ్చిన గని, 3వ పాఠం: నీళ్లు తోడినప్పుడు గట్టు ఎందుకు జారుతుంది?

పోయిన పాఠంలో గట్టులో దించిన పైపులో నీటి మట్టం కొలవడం చూశాం. టేపు చివర సుద్ద రాసి దించడం, తడిసిన గీత చదవడం, ప్రతిసారీ పైపు అంచు మీద పెట్టుకున్న ఒకే గుర్తు నుంచి కొలవడం. నాలుగు వారాలు రాయమన్నాను. ఆ నోటుబుక్ ముందు పెట్టుకోండి, ఇవాళ దానితోనే పని.

హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి తవ్విన గుంతను ఊహించుకోండి. ఒక పక్క నిటారు రాతి గోడ, ఇంకో పక్క పైమట్టి తిరిగి పోసి, మీద చెట్లు నాటిన గట్టు. వానాకాలం గుంత నిండుతుంటే ఊరంతా భయపడుతుంది. నాకైతే అసలు టెన్షన్ మార్చిలో. యాసంగి వరి పొట్ట మీద ఉంటుంది, బోర్లు ఎత్తిపోతాయి, ఎవరో ఒకరు గుంతలో మోటారు దించుతారు. చూసి ఇంకో ఇద్దరు దించుతారు. వాళ్లను తప్పుపట్టలేం, కళ్ల ముందు పంట ఎండుతుంటే ఎవరైనా చేసే పనే. కానీ గట్టు సంగతి చూడాల్సింది మనం.

గుంతలో నిండుగా ఉన్న నీరు గట్టును బయటి నుంచి ఆనుకుని నిలబెడుతుంది. అదే నీరు గట్టు మట్టిలోకీ ఇంకి ఉంటుంది. మోటార్లు గుంతను పది రోజుల్లో దించేస్తాయి, మట్టిలో నీరు మాత్రం అంత వేగంగా దిగదు. బయట ఆనింపు పోయింది, లోపలి ఒత్తిడి అలాగే ఉంది. ఒక మీటరు ఎత్తు నీరు అడుగున చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను ఒత్తిడి పెడుతుంది. ఆ ఒత్తిడికి మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకునే బలం తగ్గుతుంది. మొరం పోసిన గట్టయితే నీరు త్వరగా వదిలేస్తుంది. నల్లరేగడి ఎక్కువ కలిస్తే వారాల తరబడి పట్టుకుని కూర్చుంటుంది. అందుకే రోజుకు ఇంత తోడితే ఫర్వాలేదని అన్ని గుంతలకూ ఒకే అంకె చెప్పడం కుదరదు.

మరి ఎలా తెలుసుకోవాలి? లోపలి మట్టం, బయటి మట్టం ఒకే లెక్కలోకి తేవాలి. కదలని రాతి మీద ఒక గుర్తు కొట్టి దాన్ని 100.00 మీటర్లు అనుకోండి. అక్కడి నుంచి పైపు అంచు ఎత్తు, గుంతలో పాతిన గేజీ పలక (నీటి ఎత్తు చదవడానికి గీతలు గీసిన పలక) సున్నా ఎత్తు తీయాలి. సర్వేయరు దొరికితే మంచిది. లేకపోతే మేస్త్రీలు పునాది లెవెల్ చూసే నీళ్ల ట్యూబుతో మెట్టు మెట్టుగా దిగొచ్చు, ఓపిక కావాలి అంతే.

ఉదాహరణకు పైపు అంచు 96.40 అనుకుందాం. పైపులో నీరు 7.15 మీటర్ల లోతున ఉంటే లోపలి మట్టం 89.25. గేజీ సున్నా 86.00, పలక మీద 3.10 చదివితే బయటి మట్టం 89.10. తేడా 15 సెంటీమీటర్లే, బెంగ లేదు. పది రోజులు మోటార్లు నడిచాక పలక మీద 1.60, అంటే బయట 87.60. పైపులో లోతు 7.35, అంటే లోపల 89.05. తేడా 1.45 మీటర్లకు పెరిగింది. పైపు ఒక్కటే చూసేవాడు నీరు 20 సెంటీమీటర్లు దిగిందని సంతోషిస్తాడు! రోజూ రాయాల్సింది ఈ తేడా.

తేడా పెరుగుతుంటే గట్టు పైన పగుళ్లు వెతకండి. అంచుకు సమాంతరంగా, కొడవలి వంపులో కనిపిస్తాయి. పగులుకు అటూ ఇటూ ఒక్కో ఇనుప కడ్డీ లోతుగా దిగ్గొట్టి, తలల మీద రంపంతో సన్నటి గాటు పెట్టండి. గాటు నుంచి గాటుకు స్టీలు టేపుతో మిల్లీమీటర్లలో రోజూ ఒకే వేళకు కొలవాలి. పగులు పొడవునా ఇలాంటి జతలు మూడైనా ఉండాలి. ఒకసారి మా కడ్డీల మధ్య ఒక్క రాత్రిలో 4 మిల్లీమీటర్లు పెరిగిందని హడావిడి పడ్డాం. తీరా చూస్తే ఎవరో ఆ కడ్డీకి బర్రెను కట్టేశారు. మూడు జతలు పెట్టమనేది అందుకే, ఒకటి అబద్ధం చెప్పినా మిగతా రెండు చెప్పవు.

పగులు ఎంత వెడల్పు ఉందన్నదానికంటే వేగం ముఖ్యం. రోజుకు ఒకటి, ఒకటి, ఒకటి అని సాగితే చూస్తూ ఉండొచ్చు. ఒకటి, రెండు, నాలుగు అని పెరిగితే ఆ రోజే మోటార్లు ఆపించాలి, గట్టు మీద, కింద మనుషుల్ని, గొర్లను తప్పించాలి, గని బాధ్యులకు ఫోన్ చేయాలి. మీరూ కొలవడానికి మళ్లీ పైకి ఎక్కకండి. గట్టు పాదంలో ఊట తేటగా వస్తే రాసుకోండి. బురదగా మారితే లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం, అప్పుడు పగుళ్లు లేకపోయినా కబురు పెట్టాల్సిందే.

ఇంకొక్క మాట. వాన లేదు, మోటారు లేదు, అయినా పైపులో నీరు పెరిగిందా? సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలారేమో అడగండి. నోటుబుక్‌లో వానకు ఒక గడి ఉన్నట్టే కాల్వకూ ఒక గడి గీయండి.

ఈ రెండు వారాల పని: లోపలి మట్టం, బయటి మట్టం, తేడా, మూడు జతల కడ్డీల కొలతలు, వాన, కాల్వ, నడిచిన మోటార్లు. అన్నీ ఒకే పేజీలో ఉండాలి. వచ్చే పాఠంలో గుంత నీటిలో ఫ్లోరైడ్ చూస్తాం. దానికి శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసా సిద్ధం చేసుకోండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ పరీక్షకు నీళ్లు అందులో పట్టరు.