డెండ్రోబియం పూయాలంటే ముందు మీ బాల్కనీ చలి లెక్క తెలియాలి

విజయవాడలో మా బాల్కనీలో రెండేళ్లు ఒక డెండ్రోబియం (ఆర్కిడ్‌లలో ఒక రకం) పెంచాను. ఆకులు నిగనిగలాడేవి, ఏటా రెండు మూడు కొత్త కాడలు వేసేది, చలికాలం చివర్లో కణుపుల దగ్గర బుడిపెలు కనపడితే అమ్మయ్య మొగ్గలొచ్చాయి అనుకునేదాన్ని, పది రోజులు పోయాక చూస్తే వాటికి బుల్లి ఆకులు, తెల్లటి వేళ్లు! పువ్వు రావాల్సిన చోట పిల్ల మొక్క వచ్చేది. విసుగొచ్చి హైదరాబాద్‌లో ఉండే అక్కకి ఇచ్చేశాను. ఆ తర్వాతి ఫిబ్రవరిలో వీడియో కాల్ చేసి చూపించింది, కాడ పొడవునా పూలే. ఏం ఎరువేశావక్కా అంటే, "ఏమీ వెయ్యలేదే, డిసెంబరంతా పెళ్లి పనుల్లో పడి నీళ్లు పొయ్యడం కూడా మర్చిపోయాను" అంది.

ఆ మర్చిపోవడమే మంచిదైంది. ఆ రకానికి కావలసింది చలి రాత్రులు, పొడిగా ఉన్న వేళ్లు. నేనేమో వెచ్చటి ఊళ్లో రోజూ నీళ్లు పోసి, ఎరువు కలిపి, పూలు ఎందుకు రావట్లేదా అని టెన్షన్ పడ్డాను.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి

డెండ్రోబియంలో వెయ్యికి పైగా జాతులున్నాయి కానీ మన ఇళ్లలో కనపడేవి ఎక్కువగా రెండు తరహాలు. వీటికి కావలసిన వాతావరణం వేరు, అందుకే ఈ పని ముందు చేయమంటున్నాను.

మొదటిది ఫెలనాప్సిస్ తరహా. కాడ నిటారుగా ఉంటుంది, ఆకులు పైభాగంలో ఉండి ఏడాదంతా పచ్చగానే ఉంటాయి, కాడ కొస దగ్గర నుంచి పొడవాటి పూల కొమ్మ వంగి వస్తుంది. బొకేల్లో ఊదా తెలుపు కలిసిన పూలు చూస్తుంటారే, ఆ సోనియా ఇలాంటిదే. దీని పూర్వీకులు ఉత్తర ఆస్ట్రేలియా, న్యూగినీ వైపువి, అంటే వేడి ప్రాంతాలవి. మన కోస్తా జిల్లాలకు సరిగ్గా సరిపోతుంది.

రెండోది నోబిలే తరహా. కణుపులు ఉబ్బెత్తుగా ఉంటాయి, పూలు పొడవాటి కొమ్మకు కాకుండా కాడ పొడవునా కణుపు కణుపుకీ రెండు మూడు చొప్పున అతుక్కున్నట్టు పూస్తాయి, చలికాలంలో పాత కాడల ఆకులు పసుపై రాలిపోతాయి. హిమాలయాల దిగువన, ఈశాన్య భారతంలో పుట్టిన మొక్క, సిక్కిం రాష్ట్ర పుష్పం కూడా ఇదే. నేను విజయవాడలో పెంచింది ఇదేనని అక్క ఇంట్లో పూశాకగానీ నాకు తెలియలేదు.

కొనేటప్పుడు పూలున్న మొక్కనే కొనండి, పూసిన తీరు చూస్తే తరహా తెలిసిపోతుంది.

ఒక థర్మామీటర్ కొని తగిలించండి

పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే డిజిటల్‌ది కొనండి. టీవీలో చెప్పే ఊరి ఉష్ణోగ్రత వేరు, నాలుగో అంతస్తులో సిమెంటు గోడ పక్కన ఉండే వేడి వేరు. పడమటి గోడ సాయంత్రం దాకా కాగి, రాత్రి పదింటి వరకు ఆ వేడిని వదులుతూనే ఉంటుంది, దాన్ని ఆనుకుని కుండీ పెడితే మొక్కకి రాత్రి చల్లబడినట్టే అనిపించదు. ఏసీ బయటి యూనిట్ ముందు పెడితే ఇంకా అన్యాయం.

పగటికీ రాత్రికీ కనీసం 8 డిగ్రీల తేడా ఉంటే ఏ డెండ్రోబియంకైనా మంచిదే. ఫెలనాప్సిస్ తరహాకి పగలు 25 నుంచి 32, రాత్రి 16కి తగ్గకుండా ఉంటే హాయి. నోబిలేకి మాత్రం కొత్త కాడలు ముదిరాక రాత్రులు 13 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు వారాలు ఉండాలి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు 12–15 మధ్యకు దిగుతుంటాయి కాబట్టి పని జరిగిపోతుంది. అరకు వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. విజయవాడ, విశాఖల్లో 17, 18 కంటే కిందికి దిగే రాత్రులు తక్కువ, అందుకే అక్కడ నోబిలే జోలికి వెళ్లొద్దనే నేను చెప్తాను. ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు వేళ్ల మీద వేసే చిట్కాలు చూశాను, వేళ్లు పాడవడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

ఒక్కసారి తగిలిన చలి ఏం చేస్తుందో చూడాలంటే ఆగ్నేయాసియాలో డెండ్రోబియం క్రుమెనాటం అనే జాతి ఉంది, పావురం ఆర్కిడ్ అంటారు. గాలివానతో ఒక్కసారిగా ఐదారు డిగ్రీలు పడిపోతే, సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత ఆ చుట్టుపక్కల చెట్ల మీదున్నవన్నీ ఒకే రోజు పూస్తాయి, మర్నాటికి వాడిపోతాయి.

ఎండాకాలం: పూల ఆశ పక్కన పెట్టి మొక్కని కాపాడుకోండి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోగానే 50 శాతం షేడ్ నెట్ కట్టేయండి. తూర్పు ఎండ ఎనిమిదిన్నర తొమ్మిది దాకా తగిలినా ఫర్వాలేదు, మధ్యాహ్నపు ఎండ పడితే ఆకులు మచ్చలుపడి కాలిపోతాయి. గాలిలో తేమ ఉండి, గాలి ఆడుతుంటే 35 దాటినా ఫెలనాప్సిస్ తరహా తట్టుకుంటుంది. వడగాలితోనే ఇబ్బంది, అది తేమను లాగేస్తే మొగ్గలు పసుపై రాలిపోతాయి. కుండీల కింద ట్రేలో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి (కుండీ అడుగు నీళ్లలో మునగకూడదు), పక్కన తడి గోనె సంచి వేలాడదీయండి. నీళ్లు పొద్దున్నే పోయాలి. రోహిణి కార్తెలో సాయంత్రం ఇంకోసారి వేళ్లు తడిపినా తప్పులేదు గానీ చీకటి పడేలోపు ఆకుల మొదళ్లలో నీరు ఆరిపోవాలి.

మట్టి వద్దు. ఇది చెట్టు బెరడుని పట్టుకుని బతికే మొక్క. చెట్టు మీద ఉంటుంది కాబట్టి మనవాళ్లు దీన్ని కూడా బదనిక అనేస్తుంటారు, కానీ ఇది చెట్టు రసం పీల్చదు. బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొప్ప ముక్కలు చాలు. చిల్లులున్న చిన్న మట్టి కుండీ అయితే వేళ్లు చల్లగా కూడా ఉంటాయి.

వానాకాలం: కాడలు లావెక్కాల్సింది ఇప్పుడే

మృగశిర వానలు పడగానే కొత్త కాడలు ఊపందుకుంటాయి, ఇప్పుడు ఎంత బలంగా పెరిగితే తర్వాత పూలు అంత బాగుంటాయి. ఎరువుల షాపులో దొరికే 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరు నీటికి అర గ్రాము కలిపి వారానికోసారి పోయండి. వారాల తరబడి ముసురు పడితే మాత్రం చూరు కిందికి మార్చండి, లేకపోతే లేత కాడ మొదట్లో కుళ్లుతుంది.

ఆకు రంగు మీద ఓ కన్నేసి ఉంచండి. ముదురాకుపచ్చగా ముద్దొస్తున్నాయంటే వెలుగు చాలట్లేదని అర్థం, కొంచెం పసుపు కలిసిన లేతాకుపచ్చ ఉండాలి. వెలుగు చాలని మొక్కకి చలి తగిలినా పూయదు. "బ్లూమ్ బూస్టర్" సీసాల మీద డబ్బులు తగలేసే ముందు కుండీని రెండడుగులు వెలుగు వైపు జరిపి చూడండి.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా: ఇక్కడే దారులు వేరవుతాయి

కాడ కొసన చివరి ఆకు వచ్చి, ఇంక కొత్త ఆకు రావట్లేదంటే కాడ ముదిరినట్టు.

నోబిలే అయితే నవంబరు మొదటి వారంలో ఎరువు పూర్తిగా ఆపేయండి. ఆరుబయట, రాత్రి మంచు గాలి తగిలే చోట, పగలు బాగా వెలుగు పడే చోట పెట్టండి. పదిహేను రోజులకోసారి, కాడలు మరీ ముడతలు పడకుండా కాసిని నీళ్లు చిలకరిస్తే చాలు. ఆకులు రాలిపోతుంటే మనసు ఆగదు, చెంబు పట్టుకుని వెళ్లబుద్ధేస్తుంది, వెళ్లొద్దు. కణుపుల దగ్గర బుడిపెలు బఠాణీ గింజంత అయ్యి అవి మొగ్గలేనని తేలాకే నీళ్లు పెంచాలి. తొందరపడితే నాకు వచ్చినట్టే పిల్ల మొక్కలొస్తాయి.

ఫెలనాప్సిస్ తరహాకి ఈ ఉపవాసం అక్కర్లేదు. నీళ్లు కొంచెం తగ్గించి, వారం పది రోజులు వరసగా రాత్రి 15 కంటే దిగుతుంటే ఇంట్లోకి తెచ్చుకోవాలి, లేకపోతే ఆకులు రాల్చేస్తుంది. ఆదిలాబాద్ వైపు వాళ్లు ఇది గుర్తుంచుకోండి.

మొగ్గ పడ్డాక కుండీ కదపొద్దు

మొగ్గలు చూడగానే హాల్లో టీపాయ్ మీద పెట్టాలనిపిస్తుంది. అక్కడ ఏసీ గాలి, బయట వేడి, పక్కనే పండిన అరటిపండ్ల గెల (పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి మొగ్గలు రాలిపోతాయి), ఇంకేముంది. కనీసం సగం పూలు విచ్చాక లోపలికి తెచ్చుకోండి. చల్లటి నెలల్లో ఫెలనాప్సిస్ తరహా పూలు నెల దాటి నిలుస్తాయి, ఏప్రిల్ వేడిలో అంత కాలం ఆశించకండి.

పూలు అయిపోయాక ఎండిన పూల కొమ్మ వరకే కోయండి. ఆకుల్లేకుండా బోసిగా ఉన్న పాత కాడని చెత్త అనుకుని నరికేసేవాళ్లు చాలామంది, అందులోనే నీళ్లు, తిండి దాచుకుంటుంది, ఫెలనాప్సిస్ తరహాలో అదే కాడ మళ్లీ పూస్తుంది కూడా. పూర్తిగా ఎండి గోధుమరంగుకి తిరిగాక తీసేయొచ్చు. పిల్ల మొక్కలు వచ్చి ఉంటే వేళ్లు రెండంగుళాలు అయ్యాక విడదీసి చిన్న కుండీలో బొగ్గు ముక్కల మధ్య నిలబెట్టండి. నావి అలా మూడు బతికాయి, మూడూ అక్క ఇంట్లోనే ఉన్నాయి.