పరిశోధకుల పద్దు చదవడం – 3వ పాఠం: హెచ్ ఇండెక్స్‌ను చేత్తో కట్టి చూడటం

నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగినవారికి కౌంట్ అన్న మాటను వివరించనక్కరలేదు. కిలోకు 30 తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. ఈ లెక్క తెలియని పట్నం బంధువు “100 కౌంటా! బాగానే పండిందే” అని మెచ్చుకుంటే రైతుకు నవ్వాలో ఏడవాలో తోచదు. పరిశోధకుల పేజీల్లో కనిపించే అంకెలను చూసి మనలో చాలామంది ఆ బంధువులాగే మాట్లాడుతుంటాం. రచనల జాబితాను ఎక్కడ వెతకాలో మొదటి పాఠంలోను, పరిశోధన పత్రాల జాబితాలను చూపే గూగుల్ స్కాలర్, స్కోపస్ సైట్లు ఒకే మనిషికి వేర్వేరు అంకెలు ఎందుకు చూపుతాయో రెండో పాఠంలోను చెప్పుకున్నాం కాబట్టి, ఈసారి ఆ అంకెల్లో పేరుమోసిన హెచ్ ఇండెక్స్‌ను కాగితం మీద మనమే కడదాం.

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క ఇది. ఒకరి పత్రాలను, వాటికి వచ్చిన సైటేషన్ల, అంటే ఇతర పత్రాలు వాటిని ఉదహరించిన సందర్భాల, సంఖ్యను బట్టి, పెద్దదానితో మొదలుపెట్టి చిన్నదాని దాకా వరుసగా పేర్చి, పక్కన 1, 2, 3 అని వరుస సంఖ్య వేసుకుంటూ వెళ్లాలి. సైటేషన్ల సంఖ్య వరుస సంఖ్య కన్నా తగ్గిపోయే చోటికి ముందు ఉన్న వరుస సంఖ్యే హెచ్ ఇండెక్స్. కనీసం 10 సైటేషన్లు వచ్చిన పత్రాలు ఎన్నో చెప్పే ఐ10 ఇండెక్స్‌ను గూగుల్ స్కాలర్ 2011లో దానికి జతచేసింది. దాని గురించి ఇంతకన్నా చెప్పవలసినది లేదు.

అభ్యాసానికి, పేరు చివర ‘రెడ్డి’ ఉన్న ఒక పరిశోధకురాలిని ఊహించుకుందాం. ఆమెది మానవులకు, కంప్యూటర్లకు మధ్య వ్యవహారాన్ని అధ్యయనం చేసే రంగం, అంటే హెచ్‌సీఐ. రొయ్య రైతులు చెరువు నీటిలో ఉప్పుశాతం, ఆక్సిజన్ వివరాలను ఫోన్లో ఎలా నమోదు చేసుకుంటారన్నది ఆమె పని అనుకుందాం. ఆమె పేజీలో 12 పత్రాలు ఉన్నాయి. వాటి సైటేషన్లు వరుసగా 214, 61, 40, 22, 15, 9, 8, 7, 4, 2, 1, 0. ఏడో పత్రానికి 8 ఉన్నాయి కాబట్టి అది నిలుస్తుంది. ఎనిమిదో పత్రానికి 7 మాత్రమే ఉన్నాయి కాబట్టి అక్కడ ఆగాలి. హెచ్ ఇండెక్స్ 7, ఐ10 ఇండెక్స్ 5, మొత్తం సైటేషన్లు 383. మొదటి పత్రానికి 214 బదులు 2,140 వచ్చినా హెచ్ ఇండెక్స్ 7 దగ్గరే ఉంటుందన్నది కూడా ఇక్కడే గమనించాలి.

ఇంతవరకు చేసింది యంత్రం చేసే పనే. ఇప్పుడు జాబితాను పత్రం పత్రంగా తెరిచి చూద్దాం. 7 సైటేషన్లున్న పత్రం, 2 సైటేషన్లున్న పత్రం నిజానికి ఒక్కటే. సదస్సుకు పంపకముందు అంతర్జాలంలో ఉంచిన ప్రతి ఒకటి, అచ్చయిన ప్రతి మరొకటి, శీర్షికలో ఒక మాట మారినందువల్ల రెండుగా పడ్డాయి. రెంటినీ ఉదహరించిన పత్రం ఏదీ లేదని సరిచూసుకుని కలిపితే 9 అవుతుంది. వరుస మళ్లీ పేర్చండి: ఎనిమిదో స్థానంలోకి 8 వస్తుంది, హెచ్ ఇండెక్స్ 8కి చేరుతుంది.

22 సైటేషన్లున్న పత్రం తెరిస్తే మరో సంగతి బయటపడుతుంది. అది నేల సారం గురించిన వ్యాసం, రాసింది మరొక రెడ్డి గారు. మన జిల్లాలవారు ఈ పొరపాటు దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఇంటిపేరును ముందు, అదీ ఒక్క అక్షరంగా రాసుకోవడం మన అలవాటు. పేరులోని చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకోవడం ఈ పేజీలను కూర్చే యంత్రాల అలవాటు. ఆ లెక్కన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వెళ్లి పరిశోధన చేస్తున్న ఎందరో ఒకే ‘రెడ్డి’ కింద, ముందు ఒకటి రెండు అక్షరాల తేడాతో గుంపుగా చేరిపోతారు. పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్న పెంచలయ్యలకు ఇంకో తంటా ఉంది: ఇంగ్లీషులో ఒక పత్రంలో ఒక వర్ణక్రమం, మరో పత్రంలో మరో వర్ణక్రమం పడి, ఒకే మనిషి ఇద్దరిగా చీలిపోతాడు. ఈ చిక్కుకు విరుగుడుగా 2012 నుంచి ఒక్కో పరిశోధకుడిని విడిగా గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) సంఖ్యను ఇస్తున్నారు. అది ఉన్నవారి విషయంలో ముందు దాని కింద ఉన్న జాబితాతో పోల్చి చూడండి. లేనివారి విషయంలో సహ రచయితల పేర్లు, పనిచేసిన సంస్థ, ఏ రంగం అన్న మూడు గుర్తులను పట్టుకుని పోవాలి.

ఆ 22ను తీసేశాక మిగిలేవి 10 పత్రాలు: 214, 61, 40, 15, 9, 9, 8, 4, 1, 0. హెచ్ ఇండెక్స్ మళ్లీ 7, ఐ10 ఇండెక్స్ 4, మొత్తం 361. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మొదట యంత్రం చూపిన 7 దగ్గరికే మనల్ని తెచ్చాయి. పైపైన చూసినవారికి ఏమీ మారలేదనిపిస్తుంది. జాబితా మాత్రం ఇప్పుడు నిజంగా ఆమెది.

తరువాతి అడుగు, పత్రాలు ఎక్కడ అచ్చయ్యాయో చూడటం. చాలా శాస్త్రాల్లో పత్రికలో వచ్చిన వ్యాసానికే గౌరవం, సదస్సులో చదివినది దాని కింద మెట్టు. హెచ్‌సీఐలో అలా కాదు. 1982లో అమెరికాలోని గైథర్స్‌బర్గ్‌లో జరిగిన సమావేశం నుంచి ఎదిగి, 1983లో బోస్టన్ నుంచి కై (CHI) అన్న పేరుతో సాగుతున్న సదస్సులో పూర్తి పత్రం ఆమోదం పొందాలంటే నిపుణుల సమీక్ష దాటాలి. ఆ రంగంలోని వారు దాన్ని మంచి పత్రికా వ్యాసంతో సమానంగానే చూస్తారు. సమష్టి పనిని అధ్యయనం చేసే సీఎస్‌సీడబ్ల్యూ సదస్సు పత్రాలైతే, కంప్యూటర్ నిపుణుల సంఘమైన ఏసీఎం 2017లో మొదలుపెట్టిన ఒక పత్రికలో వెలువడుతున్నాయి. అందువల్ల ఒకే సదస్సుకు రాసిన పత్రం 2015 నాటిదైతే సదస్సు ఖాతాలో, 2019 నాటిదైతే పత్రిక ఖాతాలో పడుతుంది. మా ప్రాంతంలో ఒక ఎంపిక సమయంలో నేను చూసిన దరఖాస్తులో పత్రికా వ్యాసాలకే గడి ఉంది; ఒక అభ్యర్థి కై పత్రాలు ‘ఇతరములు’ అన్న గడిలోకి పోయాయి. ఆ గడిని తయారుచేసినవారిది దురుద్దేశమని నేననను, రంగం తెలియకపోవడమే. అయితే అదే సదస్సులో పూర్తి పత్రాలు కాక పోస్టర్లు, రెండు మూడు పేజీల చిన్న వ్యాసాలు కూడా ఉంటాయి కాబట్టి, సదస్సు పేరు చూసి ఆగకుండా పేజీల సంఖ్య కూడా చూసుకోవాలి.

ఇక 214 సంగతి. మొత్తం సైటేషన్లలో అది దాదాపు 59 శాతం. ఆ పత్రం తెరిస్తే, చదువు అంతగా రానివారిని బొమ్మలతో అడిగే ఒక ప్రశ్నావళి కనిపిస్తుంది. హెచ్‌సీఐలో ఇలాంటివి కొత్త కాదు. ఒక పరికరం వాడటానికి ఎంత సులువుగా ఉందో కొలిచేందుకు జాన్ బ్రూక్ 1986లో పది ప్రశ్నలతో తయారుచేసి 1996లో అచ్చువేసిన కొలమానాన్ని, పనిభారాన్ని కొలిచేందుకు హార్ట్, స్టేవ్‌ల్యాండ్ 1988లో ప్రచురించిన నాసా కొలమానాన్ని ఉదహరించేవారిలో ఎక్కువమంది, వాటిని తమ ప్రయోగంలో వాడుకున్నామని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగుతారు. అది గౌరవమే, ఎందుకంటే పదిమందికి పనికొచ్చే కొలబద్దను చేయడం తేలిక కాదు. కానీ ఆ 214ను చూసి, ఆమె రైతుల గురించి కనుగొన్న విషయాన్ని 214 మంది చదివి ఒప్పుకున్నారని అనుకుంటే పొరపాటు. ఆ విషయం ఉన్నది వేరే పత్రంలో, 4 సైటేషన్లున్న దానిలో: నీటికి గాలి అందించే ఏరియేటర్ ఆగిన రాత్రి రైతు ఫోన్ ముట్టుకోడని, పక్క చెరువు కాపలాదారును కేకేస్తాడని చూపిన క్షేత్ర పరిశీలన అది. నన్నడిగితే, ఈమెను తెలుసుకోవడానికి మొదట చదవవలసింది ఆ పత్రమే.

కాబట్టి ఉదహరించిన వాక్యాలను చదవడం ఈ పాఠంలో అసలైన పని. ‘సైటెడ్ బై’ అన్న చోట నొక్కి వచ్చిన జాబితాలో పైనున్నవే తీసుకోకుండా అక్కడక్కడ నుంచి 15 పత్రాలు ఏరి, ప్రతిదానిలో మన పత్రం ప్రస్తావన ఉన్న వాక్యాన్ని నోటుపుస్తకంలో ఎక్కించి, పక్కన ఒక్క మాట రాయండి: పేరు మాత్రం చెప్పారా, పనిముట్టుగా వాడారా, ఫలితాన్ని ముందుకు తీసుకెళ్లారా, తప్పుపట్టారా, లేక రచయిత తనను తానే ఉదహరించుకున్నారా. ఆ 4 సైటేషన్ల పత్రానికి 15 దొరకవు కాబట్టి నాలుగూ చదవండి. వాటిలో రెండు మరో రాష్ట్రపు చెరువుల్లో అదే పరిశీలనను మళ్లీ చేసి చూసినవైతే, ఆ రెండింటి బరువు ఎంతో మీ నోటుపుస్తకమే చెబుతుంది.

వచ్చే పాఠానికి, మీకు పరిచయమైన రంగంలో ఎవరైనా ఒక పరిశోధకుడి జాబితాను తీసుకుని, చూసిన తేదీ వేసి, యంత్రం చూపిన హెచ్ ఇండెక్స్‌ను, మీరు శుభ్రం చేశాక వచ్చినదాన్ని పక్కపక్కన రాసి ఉంచుకోండి. సహ రచయితల వరుసలో ఎవరి పేరు ఎక్కడ ఉందన్నది, హెచ్‌సీఐలో మొదటి పేరుకు, చివరి పేరుకు ఉన్న అర్థం ఏమిటన్నది 4వ పాఠంలో అదే జాబితా మీద చూద్దాం.