అగ్గువ వేరు, చీప్ వేరు

మా పాలమూరులో ధర తక్కువైతే అగ్గువ, ఎక్కువైతే పిరం. అగ్గువ అనడంలో తప్పేం లేదు, బేరం బాగా కుదిరిందని లెక్క. దాన్ని ఇంగ్లీషులో చీప్ అంటేనే చిక్కు.

మొన్న కొట్టులో మా తమ్ముడు నారాయణపేట చీర ఒకటి విప్పి, బెంగళూరు నుంచి వచ్చిన ఒకామెకు ‘వెరీ చీప్ శారీ, మేడం’ అన్నాడు. ఆమె అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూసి, మెల్లగా పక్కన పెట్టేసింది. చీప్ అంటే ధర తక్కువ అనే కాదు, సరుకు నాసిరకం అని కూడా వినబడుతుంది. మనిషికి వాడితే ఇంకా ఘోరం, పిసినారి అనో లేకి మనిషి అనో అవుతుంది. నిజానికి పాత ఇంగ్లీషులో దానికి బేరం, అంగడి అనే అర్థం. లండన్‌లో చీప్‌సైడ్ అనే వీధి పేరు అట్లా వచ్చిందే.

తమ్ముడు అనాల్సిన మాట ‘రీజనబుల్’, అంటే సరుకుకు తగ్గ ధర. కొట్లో నేనైతే ఇదొక్కటే వాడతా. ‘అఫర్డబుల్’ అంటే కొనేవాళ్ల స్తోమతకు అందేది. ‘ఇనెక్స్‌పెన్సివ్’లోనూ నింద ఉండదు, కానీ నోరు తిరగాలి. ‘ఎకనామికల్’ అంటే వాడకంలో ఖర్చు మిగిల్చేది, మంచి మైలేజీ ఇచ్చే బండి లాగా.

ఇంకోటి, ‘ప్రైస్ ఈజ్ చీప్’ అనకండి. చీప్ అయ్యేది వస్తువు, ధర అయితే ‘లో’. పిరానికీ అంతే: శారీ ఎక్స్‌పెన్సివ్, ప్రైస్ హై.