రెప్లికా కిట్ కారు: ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్‌కి వెళ్లేముందు

రెప్లికా కిట్ కారు అంటే పేరున్న పాత కారులా కనిపించేలా, కిట్‌గా కొన్న భాగాలతో మనమే బిగించుకునే బండి. ఆ బండి దాదాపు తయారైంది, ఇక కాగితాల పని మొదలుపెట్టాలి అనుకుంటున్నవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

ఫారంలో "1965 కోబ్రా" అని అసలు స్పోర్ట్స్ కారు పేరు రాయకండి. చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా అది రెప్లికా. కిట్ తయారీదారు పేరు, మోడల్, వేసిన ఇంజన్ ఉన్నదున్నట్టు రాయండి. తప్పుగా రాస్తే క్లెయిమ్ రోజున పాలసీయే చెల్లదనవచ్చు. అప్పుడు ఎదుటివాళ్ల నష్టం కూడా మీ నెత్తిన పడే ప్రమాదం ఉంది.

బండి విలువ ఎంతో మీరూ, ఇన్సూరెన్స్ కంపెనీ ముందే ఒప్పుకుని, ఆ విలువకే పాలసీ తీసుకోండి. మార్కెట్ ధర లెక్కలో మీరు పెట్టిన ఖర్చు, పడ్డ కష్టం కనిపించవు. విలువ లిఖితపూర్వకంగా ఉండాలి, ఫోటోలు జతచేయాలి.

భాగాల కోసం తీసుకున్న పాత కారు ఛాసిస్ నంబర్ ప్లేటు పీకి కొత్త ఫ్రేమ్‌కి బిగించకండి. చాలాచోట్ల అది నేరం. పాత గుర్తింపు కొనసాగుతుందా, కొత్త నంబర్ వస్తుందా అన్నది రిజిస్ట్రేషన్ ఆఫీసే తేల్చాలి. బ్రిటన్‌లోనైతే వయసు తేలని బండికి "క్యూ" (Q) అక్షరంతో మొదలయ్యే నంబర్ ఇస్తారు.

రసీదులు పారేయొద్దు. ముఖ్యంగా ఇంజన్, గేర్‌బాక్స్‌వి. దొంగ సామాను కాదనడానికి అవే రుజువు.

తనిఖీకి ముందు బాడీ అంతా చేత్తో తడిమి చూడండి. బ్రిటన్‌లో ఇలాంటి బండ్లను ఒక్కొక్కటిగా పరిశీలించి ఆమోదించే ఐవీఏ పరీక్షలో, పొడుచుకొచ్చిన గట్టి అంచులకు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రదనం ఉండాలి. అద్దాల స్టాండ్లు, బోల్టు తలలు ఇక్కడే దొరికిపోతాయి.

షెడ్డులో ఉన్న బండికీ ఇన్సూరెన్స్ కావాలి. బిగిస్తుండగా మంటలు, దొంగతనం జరిగితే రోడ్డు పాలసీ ఇంకా మొదలై ఉండదు.